ఐత్వం ఉన్న ఫైళ్లే ఎందుకు మాయమయ్యాయి: నోడ్‌లో ‘ఫైల్ ఉందా’ అనే ఒక్క ప్రశ్న మీద కేస్ స్టడీ

“మైదుకూరు నేను పోయిన వారమే పూర్తి చేశాను కదా తమ్ముడూ, మళ్లీ టైప్ చేయాల్సిన వాటిలోకి ఎందుకొచ్చింది?” అని మా టైపింగ్ అక్క పొద్దున్నే ఫోన్ చేసింది. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే మైదుకూరు ఫైల్ ఉంది, కానీ లోపల ఊరి పేరు, మండలం పేరు, దాని కింద ‘టైప్ చేయాలి’ అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. ఆ ఖాళీ ఫైల్‌ని పుట్టించింది నేను రాసిన ప్రోగ్రామే. ఫైల్ లేకపోతేనే పుట్టించమని రాశాను, మరి అక్క టైప్ చేసిన ఫైల్ ఉండగా ఇది ఎలా వచ్చింది?

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. కడప జిల్లా ఊళ్ల చరిత్రలు, పాత నోటు పుస్తకాల్లో చేత్తో రాసి ఉన్నవి, కొన్ని కైఫియత్తుల నకళ్లు, ఇలాంటివన్నీ ఫొటోలు తీసి టైప్ చేయించి నెట్‌లో పెట్టే పని మేం కొంతమందిమి కలిసి చేస్తున్నాం. (కైఫియత్తులంటే తెలియనివాళ్లకు: కల్నల్ కాలిన్ మెకంజీ తన మనుషుల చేత ఊరూరా తిప్పి రాయించిన గ్రామ వృత్తాంతాలు. ఆయన 1821లో చనిపోయాడు, రాతలు మాత్రం మిగిలాయి.) మొత్తం 600 దాకా టెక్స్ట్ ఫైళ్లు, ఊరికి ఒకటి, ఫైల్ పేరు ఊరి పేరే, అదీ తెలుగులోనే. నంబర్లు పెట్టుకుంటే ఏ గొడవా ఉండదని ఇప్పుడు చాలామంది అంటారు. కానీ మాతో పనిచేసే పెద్దవాళ్లు ఫోల్డర్ తెరిచి కంటితో వెతుక్కుంటారు, వాళ్లకు ‘ఒంటిమిట్ట’ అని కనపడాలి, 0347 అని కాదు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అక్క టైప్ చేసేది ఒక పాత ఐమ్యాక్ మీద. ఆ హార్డ్ డిస్క్ మ్యాక్ పాత ఫార్మాట్‌లో, అంటే హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లో ఉంది. అక్కడి నుంచి రాత్రి 2 గంటలకు ఆర్‌సింక్ (ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లను ఇంకోదానికి నకలు తీసే ప్రోగ్రామ్) ద్వారా ఫైళ్లు మా లినక్స్ సర్వర్‌కి వస్తాయి, తెల్లవారి సర్వర్‌లో కొత్తగా పుట్టిన ఖాళీ ఫైళ్లు తిరిగి ఆ మ్యాక్‌కి వెళ్తాయి. ఊళ్ల జాబితా మాత్రం వేరే, అది విండోస్ ల్యాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్‌గా తయారైంది. సర్వర్ మీద నా నోడ్ ప్రోగ్రామ్ (నోడ్ అంటే సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌ని నడిపేది) కూడా రాత్రి 2 గంటలకే క్రాన్‌లో, అంటే చెప్పిన సమయానికి ప్రోగ్రామ్‌లను నడిపే ఏర్పాటులో, లేస్తుంది. జాబితాలో ఒక్కో వరస తీసుకుని, ఆ ఊరి ఫైల్ ఉందా అని నోడ్‌లో ఫైళ్ల పనులు చూసే ఎఫ్ఎస్ మాడ్యూల్‌లోని ఎగ్జిస్ట్స్‌సింక్ అనే ఫంక్షన్‌ని అడుగుతుంది. ఉంటే పేజీ తయారు చేస్తుంది. లేకపోతే పేరు పక్కన పెట్టుకుని, జాబితా అంతా అయ్యాక, లేనివాటికి మండలం వివరాలు నెట్ నుంచి తెచ్చుకుని, ఖాళీ ఫైళ్లు రాస్తుంది.

చాలా మంది ఇలాగే రాస్తారు. ఉందా అని అడుగు, లేకపోతే రాయి. చదవడానికి కూడా హాయిగా ఉంటుంది.

అక్క ఫోన్ తర్వాత మొత్తం వెతికితే ఇలా ఖాళీ అయినవి 12 తేలాయి. వెతికిన వరస కూడా చెబుతాను, ఎందుకంటే ‘ఫైల్ ఉంది కానీ లేదంటోంది’ అని ఎవరు అడిగినా నేను ఇప్పటికీ ఇదే వరసలో చూస్తాను. మొదటి అనుమానం దారి మీద. సాపేక్షంగా, అంటే పూర్తి దారి ఇవ్వకుండా, రాసిన పాత్‌ని నోడ్ మీ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ నుంచి వెతకదు, ప్రాసెస్ ఏ ఫోల్డర్‌లో మొదలైందో అక్కడి నుంచి వెతుకుతుంది, క్రాన్ దాన్ని హోమ్ ఫోల్డర్‌లో మొదలుపెడుతుంది. చేత్తో నడిపితే పనిచేసి రాత్రి క్రాన్‌లో ఫెయిలయ్యే ప్రోగ్రామ్‌ల్లో నేను చూసినవి ఎక్కువ ఇవే. కానీ అదే కారణమైతే 600 ఫైళ్లూ పోవాలి కదా, 12 మాత్రమే ఎందుకు పోతాయి? రెండో అనుమానం పేరు చివర ఖాళీ స్పేస్. దాన్ని తీసేసే ట్రిమ్ ముందే పెట్టాను. మూడోది పెద్దక్షరం, చిన్నక్షరం గొడవ, విండోస్‌లో నడిచినది లినక్స్‌లో నడవకపోవడానికి మామూలు కారణం. తెలుగులో ఆ బాధే లేదు, ఎక్స్‌టెన్షన్ కూడా అన్నింటికీ ఒకేలా ఉంది. పర్మిషన్లు చూశాను, అవీ బాగానే ఉన్నాయి.

రెండు రోజులు ఇలా గడిచాక ఆ 12 పేర్లు అక్కకు వాట్సాప్‌లో పంపి, వీటిని ఏమైనా వేరేగా సేవ్ చేశావా అక్కా అని అడిగాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది. “వేరేగా ఏం చేయలేదు తమ్ముడూ. కానీ ఇవన్నీ ఐత్వం ఉన్న పేర్లే, చూశావా? మైదుకూరు, మైలవరం, పైడిపాలెం... ఒంటిమిట్టలో మాత్రం ఐత్వం లేదు.”

ఆ మాట చదివి ల్యాప్‌టాప్ తెరిచాను. నోడ్‌ని టెర్మినల్‌లో తెరిచి జాబితాలోని ‘మైలవరం’ పొడవు అడిగితే 6 అంది. ఫోల్డర్‌ని రీడ్‌డిర్‌తో (లోపలి పేర్లన్నీ ఇచ్చే ఫంక్షన్) చదివించి, అందులో వచ్చిన ‘మైలవరం’ పొడవు అడిగితే 7. తెర మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఎంత దగ్గరగా చూసినా ఒకటే మాట. ఒక్కో అక్షరం విడదీసి కోడ్ నంబర్లు వేయిస్తే తేడా బయటపడింది. జాబితాలో ఐత్వం ఒకే గుర్తు, 0సి48. ఫోల్డర్‌లో అదే ఐత్వం రెండు గుర్తులు, 0సి46, 0సి56. అంటే ఎత్వం ఒకటి, దాని కింద పెట్టే కొక్కెం ఇంకొకటి. పలక మీద రాసేటప్పుడు మనం చేసేది కూడా అదే కదా, పైన ఎత్వం పెట్టి కింద కొక్కెం గీస్తాం. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ కోడ్ నంబర్లు ఇచ్చే ప్రమాణం) ఈ రెండు రూపాలూ సమానమే, రెండూ ఒప్పే. తెలుగు అక్షరాల్లో ఇలా రెండుగా విడిపోయే గుర్తు ఈ ఐత్వం ఒక్కటే.

విడగొట్టింది మ్యాక్ డిస్క్. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ పేర్లను విడగొట్టిన రూపంలోనే దాచుకుంటుంది, మీరు ఏ రూపంలో టైప్ చేసినా సరే. ఆర్‌సింక్ ఆ పేరును అలాగే లినక్స్‌కి మోసుకొచ్చింది. లినక్స్‌లో మా ఎక్స్‌ట్4 ఫార్మాట్ డిస్క్‌కు పేరంటే వట్టి బైట్లే, అది తెలుగో తమిళమో దానికి పట్టదు. 18 బైట్ల మైలవరం వేరు, 21 బైట్ల మైలవరం వేరు. కాబట్టి జాబితా పేరుతో అడిగితే ఎగ్జిస్ట్స్‌సింక్ ‘లేదు’ అంది, ఆ అడిగిన పేరుకు అది నిజమే చెప్పింది. దాంతో నా ప్రోగ్రామ్ ఖాళీ మైలవరం ఒకటి పక్కన పుట్టించింది. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనపడుతూ ఉన్నాయి, నేను ఆ ఫోల్డర్‌ని అంతకు ముందు సరిగ్గా చూడలేదు.

అసలు నష్టం అక్కడ జరగలేదు, తిరుగు ప్రయాణంలో జరిగింది. తెల్లవారి రెండు మైలవరాలూ మ్యాక్‌కి బయల్దేరాయి. మ్యాక్‌కి అవి రెండూ ఒకే పేరు. ఆర్‌సింక్ పేర్లను బైట్ల వరసలో తీసుకుంటుంది, 0సి46 ముందు, 0సి48 తర్వాత. అంటే అక్క టైప్ చేసిన ఫైల్ ముందు చేరింది, దాని మీద ఖాళీ ఫైల్ వచ్చి కూర్చుంది. ఆ రాత్రి ఆ ఖాళీ ఫైల్ విడగొట్టిన పేరుతో మళ్లీ సర్వర్‌కి వచ్చి, అక్కడ మిగిలిన మంచి ఫైల్‌ని కూడా తుడిచేసింది. రెండు చోట్లా పోయింది. హోస్టింగ్‌లో బ్యాకప్ 7 రోజులే, మేం చూసేసరికి కొన్నింటికి ఆ గడువు దాటిపోయింది. 12లో 9 ఎలాగోలా దొరికాయి, బ్యాకప్‌లోవి కొన్ని, ప్రూఫ్ కోసం తీసిన ప్రింట్ల నుంచి కొన్ని. మిగతా 3 అక్క మొదటి నుంచి మళ్లీ టైప్ చేసింది. చేత్తో రాసిన, సిరా చెదిరిపోయిన పేజీల నుంచి ఒక ఊరి చరిత్ర టైప్ చేయడమంటే రోజుల పని, నాకు అది చాలా బాధగా ఉంది.

ఇక సరిచేయడం. మొదట జాబితా పేరు మీద నార్మలైజ్ అనే ఫంక్షన్‌ని పిలిచి ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (విడిపోయిన గుర్తులను ఒకటిగా కలిపిన రూపం) మార్చాను, ఏం మారలేదు, ఎందుకంటే జాబితా పేరు ముందే ఆ రూపంలో ఉంది, తేడా ఉన్నది డిస్క్ మీద. ఇలాంటి చోట రెండు వైపులా ఒకే రూపంలోకి తేవాలి. ఇప్పుడు ప్రోగ్రామ్ మొదట ఫోల్డర్ మొత్తాన్ని ఒకసారి రీడ్‌డిర్‌తో చదువుతుంది, ప్రతి పేరునూ ఎన్ఎఫ్‌సీలోకి మార్చి ఒక మ్యాప్‌లో పెట్టుకుంటుంది, ఆ మ్యాప్‌లో అసలు పేరు కూడా ఉంటుంది. జాబితా పేరును కూడా మార్చి ఆ మ్యాప్‌లోనే వెతుకుతుంది. 600 సార్లు డిస్క్‌ని అడగడం కంటే ఇది తేలిక కూడా. ఇంకో చోట కూడా తగిలింది: ఫైల్ పేర్లు సరిచేశాక కూడా ఒక ఫోల్డర్‌లోవి మొత్తం దొరకలేదు. ఆ ఫోల్డర్ పేరు ‘కైఫియత్తులు’. ఐత్వం ఫోల్డర్ పేరులోనే ఉంది, నేను మార్చింది ఫైల్ పేరు ఒక్కటే.

డిస్క్ మీద ఉన్న పేర్లను కూడా శాశ్వతంగా ఎన్ఎఫ్‌సీలోకి మార్చేశాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని మాత్రం గట్టిగా చెప్పాలి. లినక్స్‌లో రీనేమ్ చేసేటప్పుడు కొత్త పేరుతో ముందే ఒక ఫైల్ ఉంటే, అడగకుండా చెప్పకుండా దాన్ని మింగేస్తుంది. మా ఫోల్డర్‌లో రెండు రూపాల పేర్లూ ఉన్నాయి కాబట్టి రీనేమ్ వాడితే మిగిలిన ఫైళ్లు కూడా పోయేవి. అందుకని ఫైళ్లకు ముందు లింక్‌తో కొత్త పేరు తగిలించి, అది నెగ్గితేనే అన్‌లింక్‌తో పాత పేరు తీశాను. లింక్ అయితే కొత్త పేరుతో ఏదైనా ఉందంటే ఈఎగ్జిస్ట్ అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అలా ఆగిన ప్రతిదాన్నీ నేను కూర్చుని కంటితో చూసి ఏది ఉంచాలో తేల్చాను. లింక్ ఫోల్డర్లకు పనిచేయదు, కాబట్టి కైఫియత్తులు ఫోల్డర్‌ని చేత్తోనే మార్చాను. మళ్లీ విడగొట్టిన పేర్లు రాకుండా ఆర్‌సింక్‌కి పేర్ల రూపాన్ని మార్చే ఐకాన్వ్ ఆప్షన్ పెట్టాను, మ్యాక్ వైపు యూటీఎఫ్-8-మ్యాక్, సర్వర్ వైపు యూటీఎఫ్-8. మ్యాక్‌తో పాటు వచ్చిన పాత ఆర్‌సింక్ 2.6.9లో ఆ ఆప్షన్ లేదు, 3వ వెర్షన్ వేసుకోవాల్సి వచ్చింది.

తెలుగు పేర్లతో పనిచేసేవాళ్ల కోసం ఇంకో రెండు విషయాలు ఇక్కడే చెప్పేస్తాను, ఎన్ఎఫ్‌సీ వీటిని పట్టుకోదు. ఒకటి, పొల్లు తర్వాత వచ్చే కనపడని గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘బ్రౌన్ బంగళా’ అనే వ్యాసం ఫైల్ పేరులో ‘బ్రౌన్’ తర్వాత అది ఉంది, జాబితాలో లేదు. తర్వాత స్పేస్ ఉంది కాబట్టి తెర మీద ఏ తేడా రాదు. రెండోది సున్న. తెలుగు అంకె సున్న, పూర్ణానుస్వారం చాలా ఫాంట్లలో కవలపిల్లల్లా ఉంటాయి, పాత టైపింగ్‌లో ఒకదాని బదులు ఇంకొకటి పడిపోవడం మామూలు. అందుకని పోల్చే ముందు ఆ కనపడని గుర్తును తీసేసి, అక్షరం పక్కన వచ్చిన అంకె సున్నను అనుస్వారంగా మార్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకున్నాను. అది పోల్చడానికి మాత్రమే, ఫైల్ లోపలి రాతను ముట్టుకోదు. పొడవు సంగతి కూడా ఉంది: లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు, అంటే 85 గుర్తులు, గుణింతాలు, వత్తులు అన్నీ లెక్కలోకే వస్తాయి. పూర్తి శీర్షికను ఫైల్ పేరుగా పెడితే ఆ హద్దు తొందరగానే వచ్చేస్తుంది.

ఇంతా అయ్యాక ఒంటిమిట్ట మిగిలింది. అందులో ఐత్వం లేదు, కనపడని గుర్తు లేదు, సున్న కూడా సరైనదే. దీని కోసం ఇంకో వారం పట్టింది. చివరికి రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. నా ప్రోగ్రామ్ 2 గంటలకు లేచి ఒంటిమిట్ట ఉందా అని అడిగింది, అప్పటికి నిజంగానే లేదు. 2 గంటల 2 నిమిషాలకు ఆర్‌సింక్ అక్క టైప్ చేసిన ఒంటిమిట్టను తెచ్చి పెట్టింది. నా ప్రోగ్రామ్ ఆలోపు మండలం వివరాల కోసం నెట్‌లో తిరుగుతోంది. 2 గంటల 3 నిమిషాలకు వచ్చి, ఇందాక అడిగితే లేదన్నారు కదా అని, ఖాళీ ఫైల్ రాసేసింది. రైట్‌ఫైల్ మామూలుగా అయితే ఉన్న ఫైల్‌ని ఖాళీ చేసి రాస్తుంది, ఏ హెచ్చరికా ఉండదు.

అడగడానికి, చేయడానికి మధ్య ఉన్న ఈ సందు నాకు తెలియనిది కాదు. నోడ్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, ఫైల్ తెరిచే ముందు, చదివే ముందు, రాసే ముందు ఉందా అని చూడొద్దు, నేరుగా పని చేసి ఎర్రర్ వస్తే చూసుకోండి అని. చదివాను కూడా. కాకపోతే అది పెద్ద పెద్ద సర్వర్ల గొడవ, రాత్రిపూట ఒక్కసారి నడిచే నా చిన్న ప్రోగ్రామ్‌కి ఎందుకు అనుకున్నాను. మూడు నిమిషాల సందు చాలు, ఇంకో ప్రోగ్రామ్ అదే గంటకు నడుస్తుంటే.

దీనికి మందు ఒక్క అక్షరం. రాసేటప్పుడు ఫ్లాగ్‌గా డబ్ల్యూ బదులు డబ్ల్యూఎక్స్ ఇవ్వడం. అప్పుడు ‘ఉందా’ అన్న ప్రశ్న, ‘రాయి’ అన్న పని రెండూ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే అడుగులో చేస్తుంది, మధ్యలో ఎవరూ దూరలేరు. ఫైల్ అప్పటికే ఉంటే ఈఎగ్జిస్ట్ వస్తుంది, దాన్ని పట్టుకుని లాగ్‌లో రాసి ముందుకు పోవడమే. కాపీఫైల్‌కి కూడా ఇలాంటిదే ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్ ఉంది. నేను అంతకు ముందు రాసిన పాత ప్రోగ్రామ్‌లు కూడా తెరిచి, లేకపోతే రాయి అన్న ప్రతి చోటా ఇది పెట్టాను.

చదివే వైపు కూడా మార్చాను, దానికి వేరే కారణం. మధ్యలో ఒకసారి హోస్టింగ్ వాళ్లు డిస్క్ మార్చినప్పుడు మా ఫోల్డర్ వేరే యూజర్ పేరు మీదికి వెళ్లిపోయింది. పొద్దున లెక్క చూసి అందరికీ మెయిల్ పంపే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంది, అది ఫైళ్లు ఉన్నాయా లేదా అని లెక్క మాత్రమే చూస్తుంది. ఆ రోజు అది ‘600 ఊళ్లూ టైప్ చేయాలి’ అని మెయిల్ పంపింది. పెద్దవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో చెప్పలేను, ఒకాయన ఫోన్‌లో మాట్లాడలేకపోయారు. ఫైళ్లన్నీ అక్కడే భద్రంగా ఉన్నాయి, ఫోల్డర్‌లోకి వెళ్లే అనుమతి లేదంతే. ఎగ్జిస్ట్స్‌సింక్‌కి అది కూడా ‘లేదు’ కిందికే వస్తుంది. అనుమతి లేకపోయినా, పేరు మరీ పొడవైనా, దారిలో ఫోల్డర్ అనుకున్నది ఫైల్ అయినా, సింలింక్ ఉండి అది చూపే ఫైల్ లేకపోయినా, అన్నింటికీ ఒకటే జవాబు, ఫాల్స్. నేను దాన్ని ‘ఫైల్ లేదు’ అని చదువుకున్నాను. అది చెప్పేది ‘నాకు కనపడలేదు’ అని మాత్రమే. ఈ రెండు మాటల మధ్య తేడా ఒక ఊరి చరిత్ర అంత ఉంటుంది.

ఇప్పుడు నేరుగా రీడ్‌ఫైల్ చేస్తాను. ఎర్రర్ వస్తే దాని కోడ్ చూస్తాను. ఈనోఎంట్ అయితేనే లేదని లెక్క. ఈయాక్సెస్ (అనుమతి లేదు) గానీ ఇంకేదైనా గానీ వస్తే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోయి నాకొక్కడికే మెయిల్ వస్తుంది, ఇంకెవరికీ పోదు. చదవకుండా ఉందో లేదో మాత్రమే కావాల్సిన చోట స్టాట్ పిలుస్తాను, అది ఎర్రర్ కోడ్ చెబుతుంది, పైగా ఆ పేరుతో ఉన్నది ఫైలా ఫోల్డరా అనేది కూడా చెబుతుంది.

ఫైల్ అందుతుందా అని చూసే యాక్సెస్ కూడా వాడొచ్చు, కానీ దాని ప్రామిస్ రూపంలో (జవాబు తర్వాత ఇస్తానని ముందు ఒక వస్తువు చేతికిచ్చే రూపం) ఒక పొరపాటు మాలో ఒకరు చేశారు, అందుకే చెబుతున్నాను. జవాబు వచ్చేదాకా ఆగమనే అవైట్ మర్చిపోయి నేరుగా ఇఫ్‌లో పెడితే ప్రామిస్ అనే వస్తువు ఎప్పుడూ నిజమే కాబట్టి ప్రతి ఫైలూ ఉన్నట్టే. అవైట్ పెట్టి ఇఫ్‌లో పెడితే, ఫైల్ ఉన్నా అది అన్‌డిఫైన్డ్ (ఇఫ్‌కి అది అబద్ధం కిందే లెక్క) ఇస్తుంది కాబట్టి ప్రతి ఫైలూ లేనట్టే. దాన్ని ఎర్రర్‌ని పట్టుకునే ట్రై, క్యాచ్‌లో తప్ప వాడకూడదు. ఇక సింక్ లేని పాత ఎగ్జిస్ట్స్ అయితే 1.0 నుంచే వద్దని చెప్పేశారు, దాని కాల్‌బ్యాక్‌కి (జవాబు అందుకునే ఫంక్షన్) ఎర్రర్ అనేదే రాదు, ఉంది లేదు తప్ప. ఎగ్జిస్ట్స్‌సింక్‌ని మాత్రం తీసేయలేదు, నేనూ పూర్తిగా మానలేదు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు కాన్ఫిగ్ ఫైల్ ఉందా అని చూసి, లేకపోతే మనిషికి అర్థమయ్యే మాట ఒకటి చెప్పి ఆగిపోయే చోట అది చక్కగా సరిపోతుంది. జవాబు తప్పినా ఎవరి పనీ పోని చోట వాడతాను.

క్రాన్ సమయాలు కూడా విడదీశాను, ఆర్‌సింక్ 1 గంటకు, నా ప్రోగ్రామ్ 2 గంటలకు. అయినా డబ్ల్యూఎక్స్ తీయలేదు. పోయిన వారం అక్కవాళ్ల ఊళ్లో నెట్ సరిగా లేక ఆర్‌సింక్ ఆలస్యంగా ముగిసింది. పొద్దున లాగ్‌లో ఒక లైన్ ఉంది: పైడిపాలెం, ఈఎగ్జిస్ట్, 2 గంటల 4 నిమిషాలు. ఫైల్ తెరిచి చూశాను. 2 గంటల 3 నిమిషాలకు వచ్చింది, అక్క రెండోసారి టైప్ చేసిన 41 పేరాలూ అందులో ఉన్నాయి.